ఈశాన్యం మూల స్తంభం

పోయిన వారం మనం రాజమల్లును నిచ్చెన మీద నిలబెట్టి వచ్చేశాం. అరవై నాలుగేళ్ల మనిషి, అందులోనూ మోకాళ్ల నొప్పులున్నవాడు. వారం రోజులు అక్కడే ఉంచడం మర్యాద కాదు, దించుదాం. దించేముందు, ఆయన అక్కడికి ఎందుకెక్కాడో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

హనుమకొండ దాటి పరకాల పోయే దారిలో, ఒక మామిడితోట మధ్యలో ఉన్న ఆ కట్టె ఇంటిని ఆటోవాళ్లు లవంగాల ఇల్లు అంటారు. వరంగల్ బజారులో లవంగాలు, యాలకులు టోకున అమ్మే రాంచందర్ సేటు దాన్ని జావా నుంచి తెప్పించాడు. ముప్పై ఏళ్లు లవంగాలమ్మి ఒక్కసారైనా లవంగం చెట్టు చూడలేదన్న బాధతో ఆయన ఆ దేశం పోయాడు. అక్కడొక ఊళ్లో ఈ ఇంటి వసారాలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. తిన్నాక తెలిసింది, ఆ ఇంటిని విప్పి కట్టె కింద అమ్మేస్తున్నారని. ఇక ఈయన ప్రాణం ఊరుకోలేదు, ఇంటినే కొనేశాడు. బజారంతా ఆర్నెల్లు నవ్వుకుంది.

ముక్కలు ముక్కలుగా ఓడలో వచ్చిన ఆ టేకు ఇంటిని నాలుగేళ్ల కింద ఒక్క మేకు కొట్టకుండా నిలబెట్టింది మన వడ్రంగి, వడ్ల రాజమల్లు. ఇంటి నడుమ నాలుగు పెద్ద స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలబడి దూలాలను, ఆ పైన పెంకుల కప్పును మోస్తాయి. ప్రతి స్తంభం తల మీద నాలుకలా మిగిల్చిన కట్టె ఉంటుంది. అది దూలంలో ఉన్న బెజ్జంలోకి దూరి గట్టిగా కూర్చుంటుంది. ఇల్లు నిలబడ్డదంతా ఆ నాలుగు నాలుకల బలం మీదే.

ఇప్పుడా ఇల్లు ఒరుగుతోంది. ఈశాన్యం మూల స్తంభం రెండు వేళ్ల మందం పక్కకు జరిగింది. సోమవారం ఇంజనీరొచ్చి నాలుగు స్తంభాలకూ డ్రిల్లింగు మిషనుతో తూట్లు పెట్టి, ఇనుప పట్టీలు వేసి, బోల్టులు బిగిస్తానన్నాడు. ఒకసారి బోల్టు దిగిందంటే ఆ ఇల్లు మళ్లీ విప్పడానికి రాదు, కట్టడానికీ రాదు. ఆలోపే ఒరగడానికి కారణం కనిపెడితే ఇంజనీరును ఆపుతానని సేటు రాజమల్లుకు మాటిచ్చాడు. ఇవాళ శనివారం.

కారణం వెతకాలంటే ముందు కడగాలి అని పట్టుబట్టింది రాజమల్లు కూతురు భవాని. నర్సంపేటలో ఆన్‌లైన్ సెంటర్‌లో పని చేసే పిల్ల. శనివారాలు పని ఎక్కువని ఆఖరి బస్సుకు ఇల్లు చేరేది, ఈ శనివారం మాత్రం సెలవు పెట్టింది. ఆ దేశంలో ఇట్లాంటి ఇళ్లను సబ్బుతో తోమరట. పొగాకు కాడలు, లవంగాలు, అరటి బోదె ముక్కలు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతో తుడుస్తారట. జిడ్డు వదులుతుంది, పురుగూ దగ్గరికి రాదు. లవంగాలు సేటే ఇచ్చాడు, అరకిలో చాలదా అని మూడుసార్లు అడిగి మరీ. అట్లా మూడు రోజులు నానిన నీళ్లతో స్తంభం తలను తుడుస్తుంటే, వందేళ్ల వంటింటి పొగ కింద నుంచి ఒక ఉలి గీత బయటపడింది. ఆ స్తంభం మోస్తున్న దూలం కొసను తుడిస్తే అక్కడ రెండు గీతలు. అక్కడే మనం ఆయన్ని వదిలేసింది.

"ఏమున్నది బాపు అక్కడ?" కింద నిచ్చెన పట్టుకున్న భవాని అడిగింది.

"గీతలు."

"ఎన్ని?"

ఏం గీతలు అని అడగలేదు, ఎన్ని అని అడిగింది. ఆ తేడా రాజమల్లుకు తట్టలేదు. తట్టి ఉంటే ఈ వారం కథ ఇంకో దారి పట్టేది.

"స్తంభానికి ఒకటి, దూలానికి రెండు" అన్నాడు. "ఊకె కొట్టినట్టు లేదు. ఉలి నిలబెట్టి, కొలిచి కొట్టిండ్రు."

"కడిగే నీళ్లు ఇంకా సగం ఉన్నయి. తక్కిన మూడు గుడ సూద్దాం."

నిచ్చెన జరిపారు. ఆగ్నేయం మూల స్తంభానికి రెండు గీతలు, దాని మీది దూలానికి మూడు. నైరుతి స్తంభానికి మూడు, దూలానికి నాలుగు. నిచ్చెన వాయవ్యం దగ్గరికి చేరింది. ఏం కనిపిస్తుందో తుడవకముందే ఆయనకు తెలిసిపోయింది. స్తంభానికి నాలుగు, దూలానికి ఒకటి.

ఇంటికి వచ్చిన చుట్టాలు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయినట్టు, నాలుగు స్తంభాలూ ఒక మూల పక్కకు జరిగి నిలబడ్డాయి. ఒక గీతవాడు రెండు గీతల దూలం కింద, రెండు గీతలవాడు మూడు గీతల కింద. ఒక్కటీ తన చోట లేదు.

రాజమల్లు నిచ్చెన దిగి కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు. భవాని మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఇల్లు విప్పేటప్పుడు జావా వాళ్లు ప్రతి స్తంభానికీ ఒక చీటీ కట్టారు, ఇది ఈశాన్యం, ఇది ఆగ్నేయం అని. దూలాలకు మాత్రం ముందు, వెనక, కుడి, ఎడమ అని రాశారు. ఆ ఊళ్లో ఆ ఇంటి ముఖం దక్షిణానికి. వాళ్లకది మంచి దిక్కు. మన దగ్గర దక్షిణం ముఖం ఎవరు పెట్టుకుంటారు? వాస్తు చూపించారు, ముఖం తూర్పుకు తిప్పారు. ముఖం తిరిగితే దూలాలూ తిరిగాయి, ముందుది ముందే, వెనకది వెనకే. స్తంభాలను మాత్రం చీటీ మీదున్న దిక్కు చూసి నిలబెట్టాడు రాజమల్లు. ఈశాన్యం అని రాసి ఉంటే మన ఈశాన్యంలోనే పెట్టాడు. ఈశాన్యం స్తంభాన్ని తీసుకుపోయి ఇంకో మూలన పెట్టాలన్న ఊహ మన వైపు ఏ వడ్రంగికి వస్తుంది?

నిలబెట్టిన రోజు నాలుకలు బెజ్జాల్లో దూరలేదు. ముహూర్తం పది నలభైకి. తొమ్మిదిన్నర అయింది. క్రేన్‌వాడు నిమిషనిమిషానికీ తొందర పెడుతున్నాడు. అప్పుడే మొగిలి, ఇరవై ఏళ్లు ఆయన పక్కన పని చేసిన మొగిలి, స్తంభం తల మీద వేలుతో తడిమి, "అన్నా, ఏదో గీత తగుల్తాంది, ఇది దీని జాగ కాదేమో. రంపం పెట్టకు" అన్నాడు.

ఆ మాటకు రాజమల్లు ఏమన్నాడో, నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ తన చెవుల్లోనే మళ్లీ వినిపించింది. "ఉలి పట్టుడు నేర్పిన నాకే గీతలు సూపిస్తవా? నీ అసుంటోడు నా పక్కన నిలవడితే పని ఇట్లనే ఆగుతది. పో కిందికి." క్రేన్‌వాడు నవ్వాడు. కూలీలు నవ్వారు. మొగిలి దిగి వెళ్లిపోయాడు. రాజమల్లు రంపం తీసుకుని నాలుగు నాలుకల పక్కలనుంచి తలా ఒక పలక కోసేశాడు. పది నలభైకి ఇల్లు నిలబడింది, కొబ్బరికాయ కొట్టారు. మొగిలి నర్సంపేట వెళ్లి అక్కడే వేరే పనికొట్టం పెట్టుకున్నాడు. మళ్లీ ఈ దిక్కుకు రాలేదు.

కోసిన నాలుక వదులుగా ఉంటుంది. నాలుగు వానాకాలాలు, నాలుగు ఎండాకాలాలు. వదులుగా ఉన్నది ఒరగక ఏం చేస్తుంది?

ఇప్పుడు సంగతి వినండి. రాజమల్లు మంచివాడే, కానీ మనిషి. ఆ మెట్టు మీద కూర్చున్న పది నిమిషాల్లో ఒక పాడు ఆలోచన వచ్చింది ఆయనకు. సోమవారం బోల్టులు దిగితే అంతా ఇనుప పట్టీల కింద పోతుంది. గీతలు ఎవరికీ కనబడవు. ఏమీ దొరకలేదు సేటూ అని ఒక్క మాట అంటే చాలు. నలభై ఏళ్లు సంపాదించుకున్న పేరు అట్లానే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

భవాని గుడ్డ పిండి, మళ్లీ తుడుస్తోంది.

నాలుగు గంటలకు రాంచందర్ సేటు వచ్చాడు, ఫ్లాస్కులో టీ పట్టుకుని. గడపలోనే ముక్కు ఎగబీల్చి, "వాసన మస్తుగున్నది రాజమల్లన్నా, మా గోదాములనే ఇంత వాసన రాదు" అన్నాడు. తర్వాత రాజమల్లు ముఖం చూసి ఫ్లాస్కు కింద పెట్టాడు. "ఏమైంది? దొరికిందా?"

"దొరికింది సేటు."

"పురుగా?"

"పురుగైతే మంచిగుండు. నేను."

రాంచందర్‌కు అర్థం కాలేదు. రాజమల్లు లేచి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఒక్కొక్క స్తంభం దగ్గరికి తీసుకుపోయి గీతలు చూపించాడు, వేలు పెట్టి లెక్కపెట్టించాడు. చీటీలు ఎట్లా చదివాడో, నాలుకలు ఎట్లా కోశాడో, మొగిలిని ఏమన్నాడో, ఏదీ దాచలేదు. చెబుతున్నంత సేపూ సేటు ముఖం చూడలేదు. అంతా అయ్యాక, "ఇల్లు ఒరిగింది నా రంపం వల్ల. ఇంజనీరుకు గుడ ఇదే చెప్పు. కని బోల్టులు మాత్రం కొట్టనియ్యకు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

సేటు కోపం బజారంతటికీ తెలుసు, ఒక బస్తాలో తాలు ఎక్కువైతే ఫోన్లో వీధి చివరిదాకా వినిపించేలా అరిచే మనిషి. రాజమల్లు ఆ అరుపు కోసమే తల వంచుకుని నిలబడ్డాడు. అది రాలేదు.

"రాజమల్లన్నా, కూసో" అన్నాడు సేటు. తను ముందే కూర్చున్నాడు. "ముహూర్తానికి ముందటి రోజు నాకు జావా నుంచి ఫోన్ వచ్చింది. ఈ ఇల్లు విప్పిన పెద్దమనిషే. ఏ దిక్కుకు పెడుతున్నరు అని అడిగిండు. తూర్పు అని చెప్పిన. అయితే చీటీలు నమ్మొద్దు, కట్టె మీద గీతలుంటయి, కడిగి సూసుకొని పెట్టుమను మీ వడ్లాయనను అన్నడు."

రాజమల్లు తల ఎత్తాడు.

"నేను నీకు చెప్పలే" అన్నాడు సేటు.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు కడుగుత అంటవు. కడిగితే రెండు రోజులు పోతయి. ముహూర్తం దాటితే మల్ల మూడు నెలల దాకా లేదన్నరు. చుట్టాలందరినీ పిలిచిన. నవ్వినోళ్లనందరినీ ముందుగాల పిలిచిన." ఫ్లాస్కు మూత తీసి మళ్లీ పెట్టాడు. "అంత పెద్ద పనిమంతుడు, ఆయనకే తెలుస్తది తియ్యి అనుకున్న. నీ మీదికి తోసి నేను పట్టుబట్టలేసుకున్న."

రాజమల్లుకు కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక్క క్షణం గొంతుదాకా. ఆ ఒక్క మాట ముందు రోజు చెప్పి ఉంటే రంపం ఎత్తేవాడా? మొగిలిని పోగొట్టుకునేవాడా? కానీ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. అదే మాట మొగిలి చెప్పాడు కదా, సమయానికి, పక్కనే నిలబడి. విన్నాడా?

"నువ్వు చెప్పినా నేను వినకపోదును సేటు" అన్నాడు చివరికి. "ఆ రోజు నాకు ఎవరు చెప్పినా ఎక్కేది కాదు."

ఇద్దరూ టీ తాగారు. చల్లారిపోయింది, అయినా తాగారు. సేటు ఫోన్ తీసి ఇంజనీరుకు సోమవారం రావద్దని చెప్పాడు. అటువైపు ఆయన ఏదో అంటున్నాడు, పూచీ మాది కాదని కాబోలు. "మాదే, మాదే" అని పెట్టేశాడు.

"ఇగ చెప్పు, ఏం చెయ్యాలె?"

"కప్పు బరువు జాకీల మీద నిలపాలె. ఒక్కొక్క స్తంభాన్ని ఊడదీసి దాని జాగల దాన్ని పెట్టాలె. నాలుగూ తిరగాలె. మృగశిర వానలు పడకముందే కావాలె, అంటే పన్నెండు రోజులు. కని ఒక చిక్కున్నది." రాజమల్లు తన బొటనవేలు చూపించాడు. "ఇంత మందం కోసిన నేను. అసలు జాగల పెట్టినా ఇప్పుడు వదులే. కొత్త టేకు ముక్క పెట్టి బిగిస్తే ఒక్క వానకే అదొక తీరు ఉబ్బుతది, ఇదొక తీరు. ఈ కట్టెకు ఈ కట్టెనే కావాలె."

"అది యాడ దొరుకుతది?"

"దొరకదు. అందుకే నాకు మొగిలి కావాలె. సన్నటి ఆపుచెక్క కొట్టి సందు తెలవకుంట కూసోబెట్టుడు వాని చేతులనే ఉన్నది. నాకు రాదు. ఆనాడు గుడ రాదు, ఒప్పుకోలే గంతే."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు గానీ మొగిలి నంబరు ఆయన దగ్గర లేదు. నాలుగేళ్ల కింద కోపంలో తీసేశాడు. భవాని స్తంభం దగ్గర నుంచి కదలకుండానే పది అంకెలూ నోటికి చెప్పింది. ఆ కంగారులో ఇదీ ఆయనకు వింతగా తోచలేదు.

అటు పక్క చిత్రిక పడుతున్న చప్పుడు. తర్వాత అది ఆగింది.

"ఎవరు?"

"నేను. రాజమల్లును."

"చెప్పన్నా" అన్నాడు మొగిలి.

"గీతలు సూసిన మొగిలీ. కడిగి సూసిన. నువ్వన్నది నిజం, నేనన్నది తప్పు. నలుగుట్ల నిన్ను అట్ల అన్నది ఇంకా పెద్ద తప్పు."

"కనవడ్డయా ఇప్పటికి." మొగిలి గొంతులో ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది. "పండుగకన్న చేస్తవనుకున్న ఫోన్. మా అవ్వ పోయిన నాడు చేస్తవనుకున్న."

"చెయ్యలే" అన్నాడు రాజమల్లు. కళ్లు తుడుచుకుంటుంటే సేటు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏడువకన్నా. ఆ రోజు నేను ఉత్తగ పోలే. సాయంత్రం అందరు బువ్వ తింటాంటె మల్లొచ్చిన. నువ్వు కోసి పడేసిన పలకలు గడ్డిల పడి ఉన్నయి, ఏరుకొని గుడ్డల కట్టుకొని పోయిన. ఎప్పటికన్న ఈ ఇంటికి కావాలె అనుకున్న."

రాజమల్లు లేచి నిలబడ్డాడు. "ఉన్నయా? ఇంకా ఉన్నయా?"

"మూడున్నయి."

"నాలుగు కోసిన నేను."

"నాలుగోది మూడేండ్ల సంది నా దగ్గర లేదు. భవాని తీస్కపోయింది." కొంచెం ఆగి, "నీకు చెప్పలేదా పిల్ల?" అన్నాడు మొగిలి. "సరే, రేపు మొదటి బస్సుకు వస్తాన. మిగతాది బిడ్డనే అడుగు." ఫోన్ పెట్టేశాడు.

రాజమల్లు మెల్లగా వెనక్కి తిరిగాడు. భవాని తుడవడం ఆపేసి నిలబడి ఉంది. తల దించుకోలేదు.

ఎన్ని గీతలని అడగడం, నోటికి వచ్చిన నంబరు, ఆఖరి బస్సు శనివారాలు, కడిగితే గానీ కుదరదన్న పట్టుదల, అన్నీ ఒక్కసారే వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి.

"యాడున్నది?" అన్నాడు.

"నీ పనిముట్ల పెట్టెల. అడుగు అరల. మూడేండ్ల సంది ఆన్నే ఉన్నది బాపు. నువ్వు సూస్తవని పెట్టిన. నేను చెప్తే కోపానికొస్తవు, నువ్వే సూస్తే సదురుకుంటవు అనుకున్న."

పెట్టె గుమ్మం పక్కనే ఉంది. రోజూ తీసే మూతే. పై అరలో చిన్న ఉలులు, సుత్తె, చిత్రిక. తలుపులకు, కిటికీలకు అవి చాలు. అడుగు అరలో దూలాలకు వాడే పెద్ద ఉలి ఒక్కటే ఉంటుంది, తండ్రి ఇచ్చింది. ఇరవై ఏళ్లలో దాన్ని మొగిలి చేతికి కూడా ఇవ్వలేదు. ఈ ఇల్లు నిలబెట్టిన రోజు తర్వాత తను కూడా దాన్ని బయటికి తీయలేదు. పై అర ఎత్తి పక్కన పెట్టాడు. పెద్ద ఉలికి చుట్టి నీలం గుడ్డ ఒకటి ఉంది. విప్పితే అరచేయంత టేకు పలక. దాని అంచున పెన్సిలు గీత, రంపం పెట్టే ముందు గీసుకున్నది. ఆ గీత తనదే. కొంచెం వంకర పోయింది, తొందరలో.

పలకను సేటు చేతిలో పెట్టాడు. ఉలి ఇంకా తన చేతిలోనే ఉంది.

"శనివారాలు సెంటర్‌ల పని ఏం లేదు బాపు" అంది భవాని. "మొగిలి కాక కొట్టంల ఉంటున్న. మూడేండ్ల సంది. ఆపు కొట్టుడు నేర్పిండు. ఇప్పుడు కాకకు కన్ను సరిగ అగుపడ్తలేదు, సన్న పని నాతోనే చేయిపిస్తాండు. ఈ నాలుగు పలకలు కూసోబెట్టేది కాక కాదు. నేను."

గుడ్డను బకెట్ అంచున ఆరేసి, తడి చేతులు చున్నీకి తుడుచుకుని, తండ్రి ముందుకు వచ్చి చెయ్యి చాచింది.

"ఆ ఉలి ఇటియ్యి బాపు. నాలుగేండ్లాయె, అంచు సూడాలె."